పుట్టింటివాళ్లు పెట్టిన చక్రాలు

రాఖీ పండక్కి అన్నలు చెల్లెళ్లకు చీరలు పెడతారు. కాస్త ఉన్నవాళ్లు ముక్కుపుడకో చెవిదిద్దులో చేయిస్తారు. మా అన్న నాకు చక్రాలు పెట్టాడు. నాలుగు, టైర్లతో సహా. పైగా అవి వాడినవి. ఎవరో తొక్కి తొక్కి విసిగి అమ్ముకున్నవాటిని సత్తుపల్లిలో ఒక దుకాణంవాడు సొట్టలు తీసి, గీతలు కనపడకుండా నల్లరంగు కొట్టి, టైర్లకు పాలిష్ రాసి నిలబెట్టాడు. అలా నిలబెట్టినవాటిని రీఫర్బిష్డ్ అంటారట. ఆ మాట మా అన్న నోట్లో పూర్తిగా పట్టదు కాబట్టి ఆయన "కంపెనీ మాలు" అన్నాడు.

ఆ చక్రాలు ఎక్కిన బండి నాది. ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో దీన్ని ఒప్పుకునేవాళ్లు తక్కువ. నా జీతం మీద లోను తీసుకుని నా పేరున కొన్న కరెంటు కారు, అందులోనూ ఎత్తుగా ఉండే రకం. మా ఆయన బొగ్గు కంపెనీ ఆఫీసులో పనిచేస్తారు. కొత్తగూడెంలో కంపెనీ క్వార్టర్లో ఉంటాం. ఆయన ఆఫీసు ఇంటి నుంచి చెప్పులేసుకుని నడిచిపోయేంత దూరం, అందుకని బండి ఆయనది. నా బడి భద్రాచలం దాటి, గోదావరి వెంబడి ఇంకా పోయి, అక్కడి నుంచి అడవిలోకి తిరిగితే వస్తుంది, అందుకని నేను ఆయన బండిని కాస్త వాడుకుంటున్నట్టు లెక్క.

ఆ బడికి నేనొక్కదాన్నే టీచర్ని. కారు లేని రోజుల్లో భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. ఆటో నిండితే గానీ కదలదు. అది నిండటానికి సంతకు పోయే కోళ్లను కూడా మనుషుల కింద లెక్కపెట్టేవాళ్లు. నేను చేరేసరికి పిల్లలు నా కోసం చూసి చూసి మేకల వెంట పోయేవారు. మధ్యాహ్నం దాకా వాళ్లను వెతికి తేవడం, మధ్యాహ్నం నుంచి చదువు చెప్పడం. కారు కొన్నాక బడి తాళం వేళకు తీయడం మొదలైంది. పిల్లలు వేళకు వస్తున్నారు. ఒకటో తరగతి వాళ్లు అక్షరాలు పట్టుకుని, రెండో తరగతికి పోయినా వాటిని వదలకుండా ఉన్నారు. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద బండా అని మా ఆడపడుచు ఒకసారి అడిగింది కూడా.

బండి కొన్న రోజునే మా ఆయన ఒక షరతు పెట్టారు. "చూడు, అడవి దారి. ఒక్కనాడు గిది నడిమిట్ల ఆగిందనుకో, నువ్వు డిప్యుటేషన్ మీద ఈడికే రావాలె. మళ్ల ఏం మాట్లాడొద్దు." నేను ఒప్పుకున్నాను. నేను డిప్యుటేషన్ మీద కొత్తగూడెం వచ్చేస్తే ఆ బడికి ఇంకొకరు రారని నాకు తెలుసు. ఉన్న పిల్లలను దూరపు హాస్టళ్లకు పంచేసి తాళం వేస్తారు. అయినా ఒప్పుకున్నాను, ఎందుకంటే బండి మీద నాకు నమ్మకం. రాత్రి చార్జింగ్ పెడితే పొద్దున పోయి, సాయంత్రం ఇల్లు చేరాక కూడా ఇంకాస్త మిగిలేది. మధ్యలో ఎక్కడా ఆధారం లేదు. బడిలో ప్లగ్గు పెడితే ఊరంతా బల్బులు ఎర్రబడతాయి. భద్రాచలంలో ఒక చార్జింగ్ పాయింటు ఉంది, దాని మీద "రిపేరులో ఉన్నది" అన్న కాగితమూ ఉంది. ఆ కాగితాన్ని మాత్రం ఎవరో శ్రద్ధగా మారుస్తుంటారు, ఎప్పుడు చూసినా కొత్తగా ఉంటుంది.

ఇక పోయిన రాఖీ సంగతి. మా పుట్టిల్లు వేంసూరు మండలంలో. అన్నకు పామాయిల్ తోట, కొంచెం వరి, ఒక జత ఎడ్లు. ట్రాక్టరు కిరాయికి దొరికే కాలంలో ఎడ్లెందుకని ఊరంతా అడుగుతుంది. ఆయన వినడు. పొద్దున్నే పోయి రాఖీ కట్టాను. అక్షింతలు వేశాడు, చీర మాట ఎత్తలేదు. వదిన నా మొహం వైపు చూడకుండా తెగ వడ్డించింది. భోజనం కాగానే, "ఎంత దూరం నడుపుకొచ్చావో, కాసేపు పడుకో" అని నన్ను లోపలి గదిలోకి తోసి తలుపు దగ్గరగా వేసింది. నా నిద్ర మీద అంత ప్రేమ ఆమెకు అంతకు ముందెప్పుడూ లేదు.

దబ్ దబ్ మని చప్పుడైతే బయటికి వచ్చాను. వాకిట్లో నా బండి ఒక పక్కకు లేచి ఉంది. రెండు చక్రాలు లేవు, వాటి చోట ఇటుకలు పేర్చి ఉన్నాయి. దొంగలనుకుందామంటే, దొంగలు మంచినీళ్లు అడగరు. సత్తుపల్లి దుకాణంవాడు మా వదిన ఇచ్చిన చెంబు ఎత్తి తాగుతున్నాడు.

"లేచావా చెల్లెమ్మా" అన్నాడు అన్న, దొరికిపోయినవాడి నవ్వుతో. "అంతా అయినాక పిలుద్దామనుకున్నా. ఈసారి చీర గీర కాదు. ఆ అడివి దారికి నీకు గట్టి చక్రాలు కావాలి."

బిగించి ఉన్న బోల్టులు విప్పి, నేను కొన్నప్పటి నుంచి ఒక్క పంక్చరు కూడా ఎరగని నా చక్రాలను పక్కన పడేశారు. వాటి స్థానంలో ఎక్కుతున్నవాటిని దగ్గరికి పోయి చూశాను. వెడల్పు టైర్లు, వాటి మీద అరచేతి మందం దిమ్మలు, నల్ల రిమ్ములు, రిమ్ము అంచున ఎర్రగీత. ఆ ఎర్రగీత వేయించినందుకు దుకాణంవాడు విడిగా తీసుకోలేదట, పండగ కదా అని. రెండో పక్క లేపడానికి జాకీ తెచ్చి బండి నడుం కింద పెట్టబోయారు. అక్కడ ఉన్నది బ్యాటరీ.

"అన్నా, దాని కింద పెట్టకు, అది బ్యాటరీ."

"ఎంతుంటదమ్మా, ఇనుపరేకు ఉందిగా."

నేను అడ్డంగా నిలబడితే గానీ జాకీ పక్కకు జరగలేదు. ఒక టైరు మీద అది తయారైన సంవత్సరం చెప్పే అంకెలు ఉండాల్సిన చోట నున్నగా, అద్దంలా మెరుస్తోంది. ఇదేంటని అడిగితే దుకాణంవాడు, "పాలిష్ మేడం" అన్నాడు. పుట్టిన తేదీ లేకపోతే వయసే లేదన్నమాట. మనుషులకు కూడా ఆ పాలిష్ ఎక్కడైనా దొరికితే బాగుండునని మా వదిన ఆశగా చూసింది.

నాలుగూ బిగించాక స్టీరింగు ఈ చివరికీ ఆ చివరికీ తిప్పి చూశారు. టైరు లోపలి ప్లాస్టిక్ తొడుగుకు రాసుకుంటోంది. దుకాణంవాడు ఆలోచనలో పడ్డాడు. మా అన్న ఆలోచించే రకం కాదు. పశువుల కొట్టంలోకి పోయి పామాయిల్ గెలలు కోసే కొడవలి తెచ్చి, అడ్డం వచ్చిన ప్లాస్టిక్‌ని గీసి పారేశాడు. ఆ కంపెనీ ఇంజినీర్లు ఎన్ని నెలలు కూర్చుని గీశారో ఆ వంపుని, కొడవలి నిమిషంలో సరిదిద్దింది. తర్వాత వదిన పసుపు కుంకుమ బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. బండి వాటిని తొక్కుకుంటూ ముందుకు పోయింది. చక్రాలు తొక్కిన మొదటి వస్తువు అదేనన్నట్టు అందరూ సంతోషించారు.

వద్దనొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. చీర రంగు నచ్చకపోతే బీరువాలో పెట్టుకోవచ్చు. చక్రాలను ఏ బీరువాలో పెట్టను? మా వైపు పుట్టింటివాళ్లు పెట్టింది వద్దంటే పుట్టిల్లే వద్దన్నట్టు. అన్న ఆ పూట అన్నం మానేస్తాడు, వదిన ఏడాది పొడవునా గుర్తుచేస్తుంది. అయినా ఒకసారి నోరు తెరవబోయాను. అప్పటికే అన్న మా ఆయనకు వీడియో కాల్ కలిపేశాడు. ఫోన్‌లో మా ఆయన మొహం వెలిగిపోయింది.

"అబ్బ, ఏం లుక్కొచ్చింది బావా. మా ఆఫీసుల ఒక్కనికి లేదు గిట్లాంటిది."

"పాతవి ఏం చేస్తావ్?" అని అన్నను అడిగాను. పాతవి అంటున్నాను గానీ, వయసులో అవే కొత్తవి.

"ఉంటయ్‌లే. యాడికి పోతయ్" అని వాటిని దొర్లించుకుంటూ కొట్టం వైపు పోయాడు.

కరెంటు బండికి చప్పుడుండదు. ఇంతకాలం నేను ఎదురొస్తే మేకలు కూడా పట్టించుకునేవి కావు. ఆ సాయంత్రం సత్తుపల్లి దాటేసరికి నా బండి కింద ఒక రైసు మిల్లు ఆడుతున్నట్టు అనిపించింది. స్టీరింగు చేతుల్లో సన్నగా వణుకుతోంది. తెర మీద మాత్రం ఇంకా ఎంత దూరం పోతుందో చెప్పే అంకె ఎప్పటిలాగే నిండుగా ఉంది. ఫరవాలేదులే అనుకున్నాను. అది పాత అలవాటు ప్రకారం లెక్క కట్టి చెబుతోందని, బరువు చక్రాల సంగతి దానికి ఇంకా ఎవరూ చెప్పలేదని తర్వాత తెలిసింది.

మర్నాడు బడికి పోతే ఊరి మొదట్లోనే పిల్లలు ఎదురొచ్చారు. ట్రాక్టరు వస్తోందనుకున్నారట. టీచరు దిగేసరికి కొంచెం నిరాశపడి, చక్రాలు చూసి తేరుకున్నారు. ఆ వారమంతా నా పేరు ట్రాక్టరు మేడం. చప్పుడు వినపడగానే బడి ముందుకు చేరిపోతున్నారు కాబట్టి గంట కొట్టే పని తప్పింది. ఆ చక్రాల వల్ల నాకు జరిగిన మేలు ఇదొక్కటే, అది కూడా రాసి పెడుతున్నాను, నేను అన్యాయంగా మాట్లాడేదాన్ని కానని తెలియడానికి.

నాలుగు రోజులు తిరిగేసరికి తెర నిజం ఒప్పుకుంది. ఇల్లు చేరాక మిగిలేది కాస్తా మిగలడం మానేసింది. భద్రాచలం వంతెన మీద చూస్తే ఒక అంకె, పాల్వంచలో చూస్తే గుండె గతుక్కుమనే అంకె. మా ఆయనతో చెప్పాను. ఆయనకు బండి గురించి తెలియనిది లేదు, నడపడం తప్ప.

"నీ కాలు బరువు. మెల్లగ తొక్కు" అన్నారు.

మెల్లగా తొక్కాను. తగ్గలేదు.

"ఏసీ బంద్ పెట్టు."

పెట్టాను. సెప్టెంబరు ఉక్కలో చెమటతో తడిసి బడికి పోయేదాన్ని, చెమటతో తడిసి ఇంటికి వచ్చేదాన్ని.

"డిక్కీల సామాన్లు ఎక్కువైనయ్."

డిక్కీలో ఉన్నవి పిల్లల పలకలు, సుద్దముక్కల డబ్బాలు, ఒక గొడుగు. వాటిని తీసేశాను. చక్రాలు బరువు, టైర్లు రోడ్డును పట్టుకుని లాగుతున్నాయి, అందుకే కరెంటు తాగేస్తోంది అని నేను చెబితే మాత్రం ఆయన చెవికెక్కలేదు. "గంత పెద్ద బండికి నాలుగు టైర్లు ఒక బరువా" అన్నారు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఎదురుగాలి. వైపర్లు వేస్తే కరెంటు ఖర్చవుతుందేమోనని, అద్దంలోంచి దారి కనపడకుండా పోయాక ఒకసారి తిప్పి ఆపుతున్నాను. పాల్వంచ దాటాక తెర మీద తాబేలు బొమ్మ వచ్చింది. ఇక మెల్లగా మాత్రమే పోతానని బండి చెప్పడం అది. వెనక లారీలు హారన్లు కొడుతుంటే రోడ్డు అంచున, సైకిలు కంటే కొంచెం నయంగా పాక్కుంటూ వచ్చాను. నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు, ఒళ్లుమంటతో. ఏడాది పాటు ఒక్కరోజు కూడా నన్ను మోసం చేయని బండిని, అందరూ కలిసి అందంగా తయారుచేసి ఈ గతికి తెచ్చారు.

క్వార్టర్ గేటు దగ్గర గొడుగు పట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నారు. తెర వైపు తొంగిచూశారు.

"ఇయ్యాల వచ్చింది. రేపు ఆగుతది" అన్నారు. "ఎందుకొచ్చిన తిప్పలు. డిప్యుటేషన్ పెట్టుకో. మన దగ్గర బడులు లేవా?"

"పాత చక్రాలు పెడితే ఆగదు."

"బావ ప్రేమతోని ఇచ్చిండు. తీసేస్తే ఆయన ఏమనుకుంటడు? మర్యాద ఉంటదా?"

అంటే బావమరుదుల మర్యాద నిలబడటానికి అడవిలో ఒక బడి మూతపడాలన్నమాట. ఆ మాట పైకే అన్నాను. ఆయన గొడుగు మడిచి లోపలికి పోయారు.

ఆ ఆదివారం వేంసూరు పోయాను. నా చక్రాలు నాకిమ్మని అడగడానికి. దారి పొడవునా ఎలా మొదలుపెట్టాలా, ఎలా నొప్పించకుండా చెప్పాలా అని మాటలు పేర్చుకున్నాను. ఊరి మొదట్లో మా అన్న ఎడ్లబండి ఎదురొచ్చింది. టైరు బండే, ఎప్పుడూ ఏ జీపువో అరిగిపోయిన టైర్లు ఉంటాయి దానికి. ఈసారి మాత్రం అది చప్పుడు లేకుండా, తేలిపోతున్నట్టు వస్తోంది. చూస్తే దాని కింద నా చక్రాలు. తళతళలాడే వెండిరంగు అల్లాయ్‌లు, మధ్యలో కారు కంపెనీ గుర్తుతో సహా. ఇరుసుకు ఒక ఇనుపబిళ్ల అతికించి దానికి బోల్టులు వేశారు. మిగతా రెండు కొట్టంలో గోడకు ఆనించి ఉన్నాయని తర్వాత తెలిసింది. స్టెప్నీలట. మా జిల్లాలో రెండు స్టెప్నీలున్న ఎడ్లబండి అదొక్కటే అయి ఉంటుంది.

నేను పేర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఎంత సుఖంగా ఉందో తెలుసా చెల్లెమ్మా" అన్నాడు అన్న, నొగల మీద నుంచి దిగకుండానే. "ఎడ్లకి బరువే తెలీటం లేదు. ఇట్టా చెయ్యేస్తే చాలు, కదిలిపోద్ది."

"తెలుసు అన్నా. అవి చేసిందే అందుకు. తక్కువ బలానికి ఎక్కువ దూరం దొర్లడానికి. అది నా బ్యాటరీకి కావాలి. నీ ఎడ్లకు గడ్డి ఉంది."

ఇంటికి పోయాక మొత్తం చెప్పాను. షరతు, తాబేలు, గొడుగు పట్టుకుని నిలబడ్డ మా ఆయన. వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో బాధపడుతోందో తెలియలేదు. అన్న మొహం ముడుచుకుంది.

"పుట్టింటోళ్లు పెట్టింది ఎవరన్నా తిప్పిస్తారా?"

"దానికోసం బడి మానుకోనా?"

ఆయన నేల చూస్తూ అన్నాడు. "నువ్వు ఆ బడిలో చేరిన రోజు నీ పెట్టె నెత్తిన పెట్టుకుని అడివిలో ఆ వాగు దాటించింది నేనేగా. ఛాతీ దాకా నీళ్లు. రోజూ పొద్దున ఆ వేళకి నాకు అదే గుర్తొస్తది. ఇప్పుడు వాగులో దిగి ఉంటది, ఇప్పుడు దాటి ఉంటది అని. ఆ చిన్న చక్రాల్తో ఎట్టా దాటుద్ది అని."

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆ వాగు మీద వంతెన కట్టి ఏళ్లయింది. తారు రోడ్డు బడికి కూతవేటు దూరం దాకా వచ్చింది. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవిన పడలేదు, ఆయన కళ్లలో ఇంకా ఆ నీళ్లే ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను ఏసీ వేసుకుని పాటలు వింటూ పోతుంటే, వేంసూరులో ఒక మనిషి రోజూ నన్ను వాగు దాటిస్తున్నాడు.

"మీరే పోయి చూసిరారాదు" అంది వదిన, ఆయన చేతికి కండువా అందిస్తూ.

"చూస్తా. చూశాక తియ్యమంటే తీస్తా" అన్నాడు.

ఆ సాయంత్రమే నాతో కొత్తగూడెం వచ్చాడు. మర్నాడు పొద్దున బండి డిక్కీలో ఒక మోకు, ఒక పార పెట్టాడు. అవెందుకంటే, "వాగు" అన్నాడు. సుద్దముక్కల డబ్బాలు దించి తేలిక చేసుకున్న బండి అది. డిక్కీ మూసి బండి తీశాను.

ఆయన మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ముందు సీట్లో లుంగీ పైకి ఎగగట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. గోదావరి వంతెన దాటాం, భద్రాచలం దాటాం, అడవిలోకి తిరిగాం. ప్రతి కల్వర్టు దగ్గరా ముందుకు వంగి, "ఇదేనా?" అంటాడు. కాదంటే వెనక్కి జారుకుంటాడు. చివరికి బడి కప్పు కనపడ్డాక అడిగాడు.

"వాగు ఎప్పుడొస్తది?"

"ఎప్పుడో దాటేశాం. నువ్వు తోట గురించి చెబుతున్నప్పుడు."

ఆయన నమ్మలేదు. బడి అయ్యేదాకా వెనక బల్ల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. పిల్లలు ఆయన్ని ఇన్‌స్పెక్టరు అనుకుని, అడక్కుండానే ఎక్కాలు అప్పజెప్పారు. ఆయన చాలా గంభీరంగా విని, ఏడో ఎక్కం దగ్గర నిద్రపోయాడు.

సాయంత్రం వచ్చేటప్పుడు వాగు వంతెన చూపిస్తే, దాని మీద బండి ఆపమన్నాడు. దిగి రెయిలింగు పట్టుకుని కిందికి చూశాడు. వానలకు వాగు ఎర్రగా, నిండుగా పోతోంది. "నీళ్లు మాత్రం అట్టానే ఉన్నయ్" అన్నాడు. కాసేపాగి, "ఆ రోజు నడిమధ్యన నీ చెయ్యి ఒకసారి నా చేతిలోంచి జారింది. నీకు గుర్తులేదేమో" అన్నాడు. నాకు నిజంగానే గుర్తులేదు. ఆయన చెయ్యి రెయిలింగు మీద ఇంకా గట్టిగా బిగుసుకుని ఉంది. నేను హారన్ కొట్టి పిలిచాను.

ఇంకో మనిషి బరువు, పార, మోకు, ఆ చక్రాలు. భద్రాచలం వచ్చేసరికే అంకె బాగా పడిపోయింది. మా అన్నకు ఆ తెర చూడటం అలవాటైంది. మొదట ఏసీ తనే ఆపేశాడు. తర్వాత ఫోన్ చార్జింగ్ నుంచి పీకేశాడు. బూర్గంపాడు దారి చీలిక దాటాక మాట్లాడటం కూడా ఆపేశాడు, మాటలకు కూడా కరెంటు అవుతుందేమోనన్నట్టు. పాల్వంచ పొలిమేరల్లో తాబేలు వచ్చింది.

"ఇదేనా నువ్వు చెప్పింది?"

"అదే."

"ఇది ఆగిపోతే, బావ అన్నట్టు నువ్వు బడి మానాలి."

"ఒప్పుకున్నా కదా."

"బస్టాండు కాడ ఆపు" అన్నాడు. ఆపితే దిగి, డిక్కీ తెరిచి, పార భుజాన వేసుకుని, మోకు చంకన పెట్టుకున్నాడు. "నువ్వు పో. నేను బస్సుకొస్తా. యాడా ఆపకు."

ఒక మనిషి దిగితే ఆ బండికి ఎంత తేడా వస్తుందో నాకు తెలియదు. పెద్దగా రాదేమో. అద్దంలో చూస్తే, మా అన్న పాల్వంచ బస్టాండులో పార భుజాన వేసుకుని, కదలకుండా నా బండినే చూస్తూ నిలబడి ఉన్నాడు. తను ప్రేమగా పెట్టిన చక్రాలు తన చెల్లెల్ని ఇంటికి చేరుస్తాయో లేదోనని చూస్తున్నాడు. నవ్వొచ్చింది, కళ్లు కూడా తడిశాయి, రెండూ ఆపుకోలేదు.

బండి ఆగలేదు. క్వార్టర్ గేటులోకి వచ్చాక, ఇక తన వల్ల కాదన్నట్టు తెర ఎర్రగా మారింది. మా ఆయన వరండాలో లేచి నిలబడ్డారు.

"వచ్చిందా" అన్నారు. రాకపోయి ఉంటే బాగుండేదన్నట్టు ఏమీ లేదు ఆ గొంతులో, నేనే వెతుక్కున్నాను. "బావేడి?"

"బస్సుకొస్తున్నాడు."

ఇంకా వెలుతురు ఉండగానే అన్న వచ్చాడు. బస్సులో పారకు కూడా టికెట్ తీసుకోమని కండక్టరు తగువు పెట్టుకున్నాడట. వచ్చే దారిలోనే వదినకు ఫోన్ చేసి, ఎడ్లబండి నుంచి చక్రాలు విప్పించి, నాలుగింటినీ పొద్దున ట్రాలీ ఆటోలో పంపమని చెప్పేశాడు. ఈ ఎర్రగీత చక్రాలు ఎడ్లబండికే పోతాయి. వరి మడిలో బురదకు అవే బాగుంటాయని ఆయన అప్పుడే కనిపెట్టినట్టు చెప్పాడు. పుట్టింటి కానుక తిప్పి ఇచ్చినట్టు కూడా కాదు, మార్చుకున్నట్టు.

మా ఆయనకు ఇది నచ్చలేదు. "లుక్కు పోతది గద బావా" అన్నారు. "అయినా ఆ అడవిల, ఆ దారిల గట్టి టైర్లు లేకుంటే ఎట్ల?"

అన్న చెంబెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"అది కాదు బావా, అక్కడ వాగు మీద వంతెన కట్టారు. నీకు తెలుసా?"

"ఏ వాగు?" అన్నారు మా ఆయన.

అన్న చెంబు కింద పెట్టాడు. "ఆ దారిన నువ్వు ఒక్కసారి కూడా పోలేదా బావా?" అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో డిప్యుటేషన్ మాట ఎవరూ ఎత్తలేదు. నేను వంటింటి కిటికీలోంచి చార్జింగ్ తీగ లాగి బండికి పెట్టి, సుద్దముక్కల డబ్బాలు మళ్లీ డిక్కీలో సర్దుకున్నాను.